ఇంట ఎన్ని.. రచ్చ ఎన్ని?

విదేశీ సగటు చెప్పేదెంత, దాచేదెంత? వర్లి చాళ్లలో ఏళ్లుగా తెగని పంచాయితీ

ఆస్ట్రేలియాలో టెస్టు మ్యాచ్ ఉందంటే వర్లి బీడీడీ చాళ్లలో తెల్లారకముందే లైట్లు వెలిగేవి. సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో తొలి బంతి పడేసరికి ఇక్కడ ఉదయం అయిదు గంటలు. నల్లా నీళ్లొచ్చే వేళ కూడా ఇంచుమించు అదే. చేతిలో బిందె, చెవి మాత్రం లోపలి టీవీ దగ్గర. ‘ఎవరు ఔటైండ్రే?’ అన్న ప్రశ్న గ్యాలరీ ఈ కొస నుంచి ఆ కొసకు పోతే జవాబు తెలుగులో రావచ్చు, మరాఠీలోనూ రావచ్చు.

కరీంనగర్, నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి బట్టల మిల్లుల్లో పనికొచ్చిన పద్మశాలీల పిల్లలు, మనవలు పెరిగిన చోటిది. ఇక్కడికి కొద్ది దూరంలోని కామాటిపురకైతే ఆ పేరే కట్టడం పనులకొచ్చిన తెలుగు కామాటీల వల్ల వచ్చింది. బతుకు ముంబైది, మాట తెలుగుది. క్రికెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరి మనిషి వాళ్లకు కావాలి. పక్క గది మరాఠీ పెద్దాయన గవాస్కర్ లెక్క తీస్తాడు.. స్వదేశంలో సగటు 50.16, విదేశంలో 52.11. కుర్రాడు సచిన్‌ను తెస్తాడు.. ఇంట 52.67, బయట 54.74. తెలుగువాళ్లు లక్ష్మణ్ అనగానే అవతలి నుంచి అజహరుద్దీన్ లెక్క వచ్చి పడుతుంది. భారత్‌లో 55.93, బయట 36.40. ‘ఇంట్లో పులి, వీధిలో పిల్లి’ అని ఓ ముక్తాయింపు. అక్కడితో చాయ్ చల్లారిపోతుంది, పంచాయితీ మాత్రం చల్లారదు.

ఆ ఆరు అంకెల్లో ఏముంది?

పరాయి పిచ్ అంటే ఏమిటో చాళ్ల పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు బిల్డింగుల నడుమ సందులో టెన్నిస్ బంతితో ఆడినన్నాళ్లూ వాడే హీరో. గోడకు తగిలి బంతి ఎంత తిరిగొస్తుందో, ఏ మెట్టు దగ్గర ఎగురుతుందో కళ్లు మూసుకుని చెబుతాడు. అదే పిల్లాడిని జాంబోరీ మైదానంలో దింపితే మొదటి రెండు మూడు ఆటలు తడబడతాడు. అక్కడ గోడ లేదు, గాలి ఉంది. పెద్ద క్రికెట్‌లోనూ అంతే. మన దగ్గర ఎస్‌జీ బంతి, బంతి నెమ్మదించి స్పిన్ తిరిగే పిచ్‌లు. ఇంగ్లండ్‌లో డ్యూక్స్ బంతి. దాని కుట్టు ఎత్తుగా ఉంటుంది, మబ్బు పట్టిందంటే చాలాసేపు స్వింగ్ అవుతూనే ఉంటుంది. ఆస్ట్రేలియాలో కూకబురా. కొత్తలో కాస్త కదిలి ఆగిపోతుంది గానీ పిచ్ నుంచి వచ్చే బౌన్స్ ఆగదు. మోకాలి దగ్గర ఆడటం అలవాటైనవాడు ఛాతీ దగ్గర ఆడాలి. అందుకే బయట ఆడినవాడికి విలువెక్కువ. అందులో తప్పేం లేదు.

తప్పు లెక్కలోనే ఉంది. చేసిన పరుగుల్ని ఔటైన సార్లతో భాగిస్తే వచ్చేది సగటు. ‘విదేశం’ అన్న ఒక్క మాట కింద ఇంగ్లండ్, వెస్టిండీస్, శ్రీలంక, బంగ్లాదేశ్ అన్నీ కలిసిపోతాయి. 20 ఏళ్ల వయసూ 37 ఏళ్ల వయసూ కలిసిపోతాయి. గవాస్కర్, సచిన్‌లలా ఏళ్ల తరబడి బయట ఆడినవాళ్ల విషయంలో ఆ అంకెను నమ్మొచ్చు. ఎత్తుపల్లాలన్నీ సర్దుకునేంత ఆట వాళ్లది. పది పన్నెండు టెస్టులవాడికి మాత్రం ఒక్క ఇన్నింగ్స్ తలకిందులు చేసేస్తుంది.

తెలుగువాళ్ల లెక్కల్లో ఇది మొదటినుంచీ ఉన్నదే. నాగ్‌పూర్‌లో పుట్టిన తెలుగుబిడ్డ, భారత్ తొలి టెస్టు కెప్టెన్ సి.కె.నాయుడు ఆడింది 7 టెస్టులు. సగటు సరిగ్గా 25. వాటిలో 4 ఇంగ్లండ్‌లోనే. ఇదే ముంబైలో, 1926 డిసెంబరు 1న బాంబే జింఖానా మైదానంలో ఎంసీసీ మీద 11 సిక్సర్లతో 153 కొట్టింది టెస్టు లెక్కలోకి రాదు. 1932లో ఇంగ్లండ్ పర్యటన మొత్తంలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో 40.45 సగటుతో 1618 పరుగులు చేసిందీ రాదు. మిగిలింది పాతికే!

లక్ష్మణ్ సగటులో ఓ సిడ్నీ

వీవీఎస్ లక్ష్మణ్ తొలి ఆస్ట్రేలియా పర్యటన 1999-2000లో. మూడు టెస్టుల్లో 221 పరుగులు, సగటు 36.83. కాగితం మీద చూస్తే ‘ఫరవాలేదు’. విప్పి చూస్తే కథ వేరు. అడిలైడ్‌లో 41, 0. మెల్‌బోర్న్‌లో 5, 1. సిడ్నీ తొలి ఇన్నింగ్స్‌లో 7. అయిదు ఇన్నింగ్స్‌లు కలిపి 54. ఆరోది 167! అదీ జట్టంతా కలిసి 261 చేసిన ఇన్నింగ్స్‌లో, 198 బంతుల్లో, 27 ఫోర్లతో. భారత్ ఇన్నింగ్స్ 141 పరుగుల తేడాతో ఓడిన మ్యాచ్ అది. అయినా ఆ పొద్దున చూసినవాళ్లకు ఓటమి గుర్తు లేదు, ఆ ఆటే గుర్తు. మరి ఆ పర్యటనలో లక్ష్మణ్ 36.83 ఆటగాడా? ఒక్కరోజు కూడా అతను 36 ఆటగాడిలా ఆడలేదు. అయిదుసార్లు విఫలం, ఒకసారి ఆకాశం. సగటు చూపించిన మనిషి అక్కడ లేనే లేడు.

2003-04లో సీన్ మారింది. అడిలైడ్‌లో ఆసీస్ 556 కొడితే మనవాళ్లు 85కే 4 వికెట్లు పోగొట్టుకున్నారు. అక్కడి నుంచి ద్రవిడ్‌తో కలిసి 303 పరుగుల భాగస్వామ్యం, లక్ష్మణ్ వాటా 148. మ్యాచ్ గెలిచాం. సిడ్నీలో 178, సచిన్‌తో 353. నాలుగు టెస్టుల్లో 494 పరుగులు, సగటు 82.33. 2007-08తో కలిపితే ఆస్ట్రేలియాలో 11 టెస్టులకు 1081 పరుగులు, 54.05. అక్కడితో ఆగితే సచిన్ విదేశీ సగటు పక్కన కూర్చోబెట్టొచ్చు. కానీ 2011-12లో మళ్లీ వెళ్లాడు. నాలుగు టెస్టులు, ఎనిమిది ఇన్నింగ్స్‌లు, 155 పరుగులు. ఆ ఒక్క పర్యటనతో 54 కాస్తా 44.14కు దిగింది. సిడ్నీలో మూడు సెంచరీలు కొట్టిన చెయ్యి అదే, వయసు మాత్రం 37.

మన మనిషి కదా అని ఓ మాట దాచకూడదు. ఇంగ్లండ్‌లో లక్ష్మణ్‌కు ఒక్క టెస్టు సెంచరీ లేదు. దక్షిణాఫ్రికాలోనూ లేదు. అయితే 2010 డిసెంబరులో డర్బన్‌లో చేసిన 38, 96 సంగతి? రెండు జట్లలోనూ ఇంకెవరూ 40 చేరని పిచ్ అది. భారత్ 87 పరుగులతో గెలిచింది. సెంచరీల పట్టికలో ఆ 96 కనిపించదు. ఒక బ్యాట్స్‌మన్‌ను అతని మిగతా మ్యాచ్‌లతో కాదు, అదే మ్యాచ్‌లో అదే పిచ్‌పై మిగతావాళ్లు ఏం చేశారో దానితో పోల్చాలి అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

విశాఖ అమ్మ కొడుకు

చాళ్లలో ఈ వాదనను మళ్లీ రాజేసింది రోహిత్ శర్మ. తల్లి పూర్ణిమది విశాఖపట్నం. ఐపీఎల్ మొదలుపెట్టింది హైదరాబాద్ డెక్కన్ చార్జర్స్‌తో. పెరిగింది ముంబైలో. ఇటు తెలుగువాళ్లూ మనోడే అంటారు, అటు మరాఠీవాళ్లూ మనోడే అంటారు. 2025 మేలో టెస్టులకు గుడ్‌బై చెప్పేసరికి 67 టెస్టుల్లో 4301 పరుగులు. స్వదేశంలో సగటు 51.73, ప్రత్యర్థి గడ్డపై 31.01. 12 సెంచరీల్లో 10 ఇక్కడివే. అంకె చూడగానే తీర్పు ఇచ్చేసేంత తేడా అది. ఆ రోజు ‘మనోడే’ అనే మాట రెండు వైపులా కాస్త తగ్గింది!

అయితే ఆ 31.01 లోపల 2021 ఇంగ్లండ్ ఉంది. ఓపెనర్‌గా, డ్యూక్స్ బంతి ఎదుట, నాలుగు టెస్టుల్లో 368 పరుగులు, సగటు 52.57. లార్డ్స్‌లో 83, ఓవల్‌లో 127. ఆ రెండు మ్యాచ్‌లూ భారత్ గెలిచింది. విదేశంలో అతని తొలి టెస్టు సెంచరీ ఆ ఓవల్‌దే. అదే అంకె లోపల 2024-25 ఆస్ట్రేలియా కూడా ఉంది. అయిదు ఇన్నింగ్స్‌లు, 31 పరుగులు, సగటు 6.20. చివరి సిడ్నీ టెస్టుకు కెప్టెనే పక్కన కూర్చున్నాడు. 52కూ 6కూ నడుమ ఉన్నది ఒక్క మనిషే. రెండింటినీ కలిపి 31 అంటే లెక్క తప్పు కాదు గానీ, పులుసులో చక్కెర కలిపి రుచి అడిగినట్టుంటుంది.

రచ్చకే పరిమితమైన కాకినాడ కుర్రాడు

రోహిత్ ఓపెనర్‌గా మొదటిసారి దిగింది 2019 అక్టోబరులో, దక్షిణాఫ్రికా మీద, తల్లి ఊరు విశాఖలోనే. 176, 127 కొట్టాడు. అదే మ్యాచ్‌లో మరో తెలుగువాడు ఆడాడు. ఆ సంగతి చాలామందికి గుర్తుండదు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి. 2018 సెప్టెంబరులో ఓవల్‌లో అరంగేట్రం చేసి, ఆరు టెస్టులు వరసగా బయటే ఆడి, ఏడో టెస్టుకు గానీ సొంత గడ్డ మీద బ్యాట్ పట్టలేదు. అప్పటికి నెల కిందే కింగ్‌స్టన్‌లో 111, 53 నాటౌట్ చేసి వచ్చాడు. విశాఖలో ఒక్క ఇన్నింగ్స్‌లో 10 పరుగులు. తర్వాతి పుణె టెస్టుకు అదనపు బౌలర్ కావాలని విహారిని తప్పించి ఉమేశ్‌ను తీసుకున్నారు. ఇంట రెండో టెస్టు దక్కింది 2022 మార్చిలో, మొహాలీలో!

మొత్తం ఆడింది 16 టెస్టులు. 13 బయట, 3 ఇంట. పరుగులు 839, సగటు 33.56. విడదీస్తే విచిత్రం. బయట 705 పరుగులకు 21 సార్లు ఔట్, 33.57. ఇంట 134 పరుగులకు నాలుగుసార్లు ఔట్, 33.50. ఇల్లూ రచ్చా ఒక్కటే! ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అంటారు పెద్దలు. విహారికి ఇంట గెలవడానికి దొరికింది నాలుగు ఇన్నింగ్స్‌లే. మన పిచ్‌లపై అదనపు స్పిన్నరో ఆల్‌రౌండరో వస్తే ఆరో నంబరు బ్యాట్స్‌మన్ పోతాడు. విమానం ఎక్కగానే మళ్లీ కావాల్సొస్తాడు. అదే కాలంలో తోటివాళ్లు స్వదేశంలో పరుగులు పోగేసి మొత్తం సగటు పెంచుకుంటుంటే ఇతనికి ఆ నిధి లేదు.

అభిమానం పక్కనపెట్టి చూస్తే ఇంకో లెక్కా ఉంది. బయటి 705లో 289 పరుగులు 2019లో వెస్టిండీస్‌లో ఆడిన రెండు టెస్టులవే. అవి తీసేస్తే ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాల్లో 11 టెస్టులకు 416 పరుగులు, సగటు 23.11. సెలెక్టర్లు ఈ అంకె చూపిస్తే కాదనడం కష్టం.

కానీ ఆ 23లో ఏముందో కూడా చూడాలి. 2018 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఓపెనర్లు దొరక్క, ఎన్నడూ టెస్టుల్లో ఆ పని చేయని విహారిని కొత్త బంతి ముందుకు తోశారు. 66 బంతులు కాచుకుని 8 పరుగులకు ఔటయ్యాడు. బంతి మెరుపు పోయాక వచ్చినవాళ్లు 443 దాకా తీసుకెళ్లారు, మ్యాచ్ గెలిచాం. సగటు పుస్తకంలో అది ఎనిమిదే. 2021 జనవరి 11న సిడ్నీలో తొడ కండరం పట్టేసింది. పరుగు తీసే ఓపిక లేదు, ఇక తీయాల్సిన అవసరమూ లేదు. అశ్విన్‌కు నడుం నొప్పి. ఇద్దరూ కలిసి 40 ఓవర్లకు పైగా నిలబడ్డారు. విహారి 161 బంతుల్లో 23 నాటౌట్. మ్యాచ్ డ్రా. ఆ గాయంతోనే బ్రిస్బేన్ టెస్టుకు దూరమయ్యాడు, అక్కడ గెలిచి సిరీస్ పట్టింది భారత్. వర్లిలో ఆ సోమవారం పొద్దున పనికి ఆలస్యమైనవాళ్లు తక్కువేం కాదు.

2022 జులైలో బర్మింగ్‌హామ్‌లో 20, 11 చేశాక విహారి మళ్లీ టెస్టు ఆడలేదు.

మళ్లీ అదే దారి

బీడీడీ చాళ్లు ఒక్కొక్కటే నేలమట్టమై టవర్లు లేస్తున్నాయి. 2025 ఆగస్టులో వర్లిలో తొలివిడత కుటుంబాలకు కొత్త ఫ్లాట్ల తాళాలు ఇచ్చారు. గ్యాలరీలు పోయి లిఫ్టులొచ్చాయి. పంచాయితీ లిఫ్టు ముందుకు మారింది, మనిషి కూడా మారాడు.. విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డి. రోహిత్‌కు 6.20 మిగిల్చిన ఆ ఆస్ట్రేలియా పర్యటనలోనే ఇతను 37.25 సగటుతో 298 పరుగులు చేశాడు. భారత జట్టులో జైస్వాల్ తర్వాత ఎక్కువ పరుగులు అతనివే. అందులో 114 మెల్‌బోర్న్‌లో, ఎనిమిదో స్థానంలో వచ్చి చేసినవి. చివరి మూడు ఇన్నింగ్స్‌లు 1, 0, 4.

ఆస్ట్రేలియాలో అయిదు, ఇంగ్లండ్‌లో రెండు. నితీశ్ తొలి ఏడు టెస్టులూ పరాయి గడ్డ మీదే, విహారికన్నా ఒకటి ఎక్కువ. ఎనిమిదోది 2025 అక్టోబరులో అహ్మదాబాద్‌లో వెస్టిండీస్ మీద. ప్యాడ్లు కట్టుకునే పనే పడలేదు. భారత్ 5 వికెట్లకు 448 దగ్గర డిక్లేర్ చేసింది. తర్వాత ఢిల్లీలో అయిదో స్థానంలో పంపితే 43 చేశాడు. ఇంట అతని సగటు లెక్క అక్కడ మొదలైంది.