బైక్ దొంగతనం: పోయిన పాత బండి దొరికిందా? కిక్ కొట్టే ముందు ఈ పనులు తప్పనిసరి

"మీ బండి దొరికింది, స్టేషన్‌కు రండి." బైక్ పోగొట్టుకున్నవాళ్లు నెలల తరబడి ఎదురుచూసే ఫోన్ కాల్ ఇది. కానీ బండి దొరకడం వేరు, దాన్ని ధైర్యంగా రోడ్డెక్కించడం వేరు. దొంగ చేతిలో కొన్నాళ్లు, ఆ తర్వాత స్టేషన్ ఆవరణలో ఎండకూ వానకూ కొన్నాళ్లు ఉన్న బండి అది. అలాంటి బండికి అక్కడికక్కడే కిక్ కొట్టి ఇంటికి తోలుకొస్తే ప్రాణానికే ముప్పు.

నారాయణపేట జిల్లాలో ఇది చాలా ఇళ్లకు సంబంధించిన విషయం. మక్తల్, ఊట్కూర్, దామరగిద్ద, కోస్గి వైపు ఊళ్లలో పదేళ్లు, పదిహేనేళ్లు దాటిన వంద సీసీ బండ్లే ఎక్కువ మందికి ఆధారం. పాల క్యాన్లు మోసేది అదే, మగ్గం సరుకు తెచ్చేది అదే, పనికి తీసుకెళ్లేది అదే. మరి పోయి దొరికిన పాత బండిని ఎలా తెచ్చుకోవాలి? ఏ రిపేర్ ముందు చేయించాలి? మళ్లీ పోకుండా ఏం చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

పాత బండ్లను అంత ఈజీగా ఎలా ఎత్తుకెళ్తారు?

కొత్త బండ్లు చాలావాటికి స్టార్ట్ కావడానికి బ్యాటరీ, సెన్సార్లు అన్నీ సరిగా ఉండాలి. పాత కార్బురేటర్ బండ్లకు ఆ గొడవ లేదు. చాలా వంద సీసీ బండ్లలో ప్లగ్‌కు కావాల్సిన కరెంటు ఇంజిన్‌లోని మాగ్నెట్ కాయిల్ నుంచే వస్తుంది. అందుకే బ్యాటరీ డౌన్ అయినా కిక్ కొడితే స్టార్ట్ అవుతాయి. తాళం ఆఫ్ చేసినప్పుడు జరిగేది ఒక్కటే. ప్లగ్‌కు వెళ్లాల్సిన కరెంటును ఒక వైరు ద్వారా ఎర్త్ చేస్తారు. తాళం దగ్గరి కప్లర్ పీకేస్తే ఆ ఎర్త్ తెగిపోతుంది, కిక్ కొడితే బండి స్టార్ట్ అవుతుంది. మెకానిక్‌లు 'డైరెక్ట్ చేయడం' అనేది దీన్నే.

ఇక హ్యాండిల్ లాక్. లోపల ఉండేది చిన్న ఇనుప పిన్ను మాత్రమే. హ్యాండిల్‌ను బలంగా తిప్పినా, ముందు చక్రాన్ని తన్నినా అది వంగిపోతుంది, లేదా విరిగిపోతుంది. ఏళ్ల తరబడి వాడిన తాళాల్లో లోపలి రేకులు అరిగిపోతాయి కాబట్టి వేరే బండి తాళం చెవికి కూడా తెరుచుకునేవి ఉంటాయి.

ముందు కోర్టు కాగితం, ఆ తర్వాతే బండి

దొరికిన బండి కేసులో ఆస్తి. పంచనామా చేసి స్వాధీనం చేసుకున్న బండిని కోర్టు ఉత్తర్వుతోనే విడిపించుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 497, 503 సెక్షన్లు దీని గురించే చెబుతాయి. 497 ప్రకారం ఆస్తి కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో దాని వివరాల పట్టిక తయారు కావాలి. ఫొటోలు, అవసరమైతే వీడియో తీయాలి. ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఎవరికి అప్పగించాలో, ఏం చేయాలో కోర్టు ఉత్తర్వు ఇవ్వాలి.

దీని వెనుక సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లో ఇచ్చిన ఆ తీర్పు, పట్టుకున్న వాహనాలను ఏళ్ల తరబడి స్టేషన్లలో ఉంచడం వల్ల ప్రయోజనం లేదని తేల్చింది. తగిన బాండ్, పూచీకత్తు తీసుకుని అప్పగించాలని చెప్పింది. స్టేషన్ల ముందు తుప్పు పట్టిన బండ్ల గుట్టలు మనం చూస్తూనే ఉన్నాం. మీ బండి ఆ గుట్టలో కలవకూడదంటే దరఖాస్తు త్వరగా వేయాలి.

ఎఫ్ఐఆర్ కాపీ, ఆర్సీ, ఇన్సూరెన్స్, ఆధార్ జిరాక్సులు దగ్గర పెట్టుకోండి. లాయర్ ఫీజు కట్టలేని పరిస్థితి ఉంటే న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచిత న్యాయ సాయం చట్టం ఇచ్చిన హక్కు. హెల్ప్‌లైన్ నంబర్ 15100.

మన జిల్లాకు ఇంకో చిక్కు ఉంది. కృష్ణా మండలం దాటితే రాయచూర్, ఇటు పక్క యాదగిరి. బండి ఇక్కడ పోయి కర్ణాటకలో దొరికితే, ఏ స్టేషన్ పట్టుకుంది, ఏ కోర్టుకు రిపోర్ట్ చేసింది అన్నది ముందు అడిగి తెలుసుకోండి. దరఖాస్తు ఎక్కడ వేయాలన్నది దాన్ని బట్టే ఉంటుంది.

ఆర్సీ మీ పేరు మీద లేదా?

చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. సెకండ్ హ్యాండ్‌లో కొని, పేరు మార్పించుకోకుండా ఏళ్ల తరబడి నడిపేవాళ్లు ఊరికి ఎంతమందో. కోర్టు ముందు చూసేది ఆర్సీలోని పేరునే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. పాత ఓనర్ ఎక్కడున్నాడో తెలిస్తే వెంటనే కలిసి, అమ్మకం కాగితాలు, ఆయన ఒప్పుకోలు పత్రం తీసుకోండి.

పాత ఓనర్లకూ ఇది హెచ్చరికే. రికార్డుల్లో పేరు ఉన్నవాళ్లే ఓనర్ అని 2018లో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మేశాం కదా అని వదిలేసిన బండితో యాక్సిడెంట్ జరిగితే, పరిహారం కట్టాల్సింది ఆర్సీలో పేరున్నవాళ్లే.

ఆర్సీ బండిలోనే పెట్టి పోగొట్టుకున్నవాళ్లు పోలీస్ రిపోర్ట్ జత చేసి డూప్లికేట్ కోసం రవాణా శాఖలో ఫారం 26తో దరఖాస్తు చేసుకోవాలి.

అప్పగించేటప్పుడు ఇవి చూసుకోండి

మొదట నంబర్లు. నంబర్ ప్లేట్ చూసి మురిసిపోవద్దు, దాన్ని మార్చడం దొంగకు రెండు నిమిషాల పని. ఏపీ 22 అని ఉన్న ఉమ్మడి మహబూబ్‌నగర్ బండికి టీఎస్ 06 ప్లేటో, కర్ణాటక ప్లేటో తగిలించి తిప్పి ఉండొచ్చు. అసలు గుర్తు చాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్. చాసిస్ నంబర్ మామూలుగా హ్యాండిల్ కింద నెక్ దగ్గర, ఇంజిన్ నంబర్ ఇంజిన్ కేసు మీద ఉంటాయి. మట్టి తుడిచి, ఆర్సీతో ఒక్కో అంకె సరిపోల్చండి.

నంబర్‌ను రాకితే? గీకేసినా ఆనవాలు పూర్తిగా పోదు. నంబర్ కొట్టినప్పుడు దాని కింద లోహం కూడా నొక్కుకుపోతుంది. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పైన రసాయనాలు పూస్తే చాలాసార్లు ఆ అంకెలు బయటపడతాయి. అలాంటి బండికి షెడ్డులో మీరే నంబర్ కొట్టించుకోవద్దు. మీ సొంత బండే దొంగ బండిలా కనిపిస్తుంది. కోర్టు కాగితంతో రవాణా శాఖ అనుమతి తీసుకున్నాకే ఆ పని చేయించాలి.

సీటు కింద, సైడ్ డబ్బాల్లో కూడా చూడండి. మీవి కాని తాళాలు, ఫోన్లు, ప్యాకెట్లు ఏవైనా కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, ఏ పార్టు లేదో రాసి పెట్టుకోండి.

బండిని నడుపుకుంటూ కాదు, ట్రాలీ ఆటోలో తీసుకెళ్లండి.

ఇన్సూరెన్స్ ఉంటే షెడ్డుకు ముందు ఫోన్

థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే దొంగతనానికి, ఈ డ్యామేజీకి పైసా రాదు. పాత బండ్లలో ఎక్కువ శాతం పరిస్థితి ఇదే. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే మాత్రం రిపేర్ మొదలు పెట్టకముందే కంపెనీకి చెప్పాలి. సర్వేయర్ చూడకముందే పార్టులు మార్చేస్తే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. బండి పోయినందుకు అప్పటికే క్లెయిమ్ డబ్బు తీసుకుని ఉంటే, దొరికిన బండి మీద హక్కు కంపెనీకి వెళ్తుంది. అప్పుడు వాళ్లకు చెప్పకుండా విడిపించుకోకూడదు.

షెడ్డులో ఏ పని ముందు?

చాలామంది ముందు పెయింట్, సీటు కవర్ అంటారు. అది ఆఖరి పని. అసలు వరస ఇదీ.

హ్యాండిల్: ఇదే అన్నిటికన్నా ముఖ్యం. బలవంతంగా విరగ్గొట్టిన హ్యాండిల్ లాక్ పిన్ను లోపల వంగి ఉండిపోతే, మలుపులో హ్యాండిల్ పట్టేసే ప్రమాదం ఉంది. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం లేపి, హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేసినా, మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగినా కోన్ సెట్ విప్పి చూడాల్సిందే.

బ్రేకులు, చక్రాలు: మంచి చక్రం, మంచి టైరు తీసుకుని అరిగిపోయినవి బిగించి ఉండొచ్చు. బ్రేక్ షూలు, కేబుల్, యాక్సిల్ నట్లు అన్నీ చెక్ చేయించండి.

వైరింగ్: డైరెక్ట్ చేసిన చోట టేపు చుట్టి వదిలేస్తారు. ఫ్యూజ్ బదులు ఉత్త వైరు పెట్టిన బండ్లు కూడా ఉంటాయి. పక్కనే పెట్రోల్ ట్యాంక్. షార్ట్ అయితే బండి కాలిపోతుంది. అతుకులు తీసేసి సరైన కప్లర్ వేయించండి.

పెట్రోల్, ఆయిల్: నెలల తరబడి నిలిచిన పెట్రోల్ కార్బురేటర్‌లో జిగురులా గడ్డకడుతుంది. ట్యాంక్ ఖాళీ చేయించి, కార్బురేటర్ క్లీన్ చేయించండి. ఇంజిన్ ఆయిల్ చూడకుండా కిక్ కొట్టొద్దు. పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. పాత ఆయిల్ మొత్తం తీసేయించాలి.

లాక్ సెట్: తాళం పగలకపోయినా మార్చాల్సిందే. మీ తాళం చెవికి డూప్లికేట్ ఎవరి దగ్గర ఉందో ఎవరికి తెలుసు? తాళం, ట్యాంక్ మూత కలిపి సెట్‌గా దొరుకుతాయి. తీసేసిన పాత లాక్, విరిగిన పిన్నును పారేయకుండా కవర్‌లో పెట్టి ఉంచండి. కేసులో అవసరం పడొచ్చు.

ఒక జాగ్రత్త. అడిగినప్పుడు బండిని చూపించాలని, అమ్మకూడదని, రూపం మార్చకూడదని కోర్టు ఉత్తర్వులో షరతులు ఉంటాయి. వాటిని చదివాకే రంగు మార్చడం లాంటివి ఆలోచించండి. ఖర్చు బండి విలువను మించిపోతోందని తుక్కుకు ఇద్దామనుకున్నా, కేసు నడుస్తుంటే కోర్టు అనుమతి కావాలి.

మళ్లీ పోకుండా...

ఖరీదైన అలారాల కన్నా పాత బండికి పనికొచ్చేది దొంగకు టైం పట్టేలా చేయడం. హ్యాండిల్ లాక్‌తో పాటు లావు గొలుసును చక్రంలోంచి దూర్చి, స్తంభానికో, కిటికీ ఊచకో కలిపి తాళం వేయండి. చక్రానికి మాత్రమే వేస్తే బండిని ఎత్తి ట్రాలీలో వేసుకుని పోతారు.

రెండోది దొంగ స్విచ్. కనబడని చోట చిన్న స్విచ్ పెట్టించండి. అది ఆన్‌లో ఉంటే ప్లగ్‌కు కరెంటు వెళ్లదు. దీన్ని తాళం కప్లర్ దగ్గర కలపొద్దని మెకానిక్‌కు గట్టిగా చెప్పండి. కప్లర్ పీకేస్తే అది కూడా పోతుంది. సీడీఐ దగ్గర కలిపితేనే డైరెక్ట్ చేసినా బండి స్టార్ట్ కాదు.

మూడోదానికి ఖర్చే లేదు. రాత్రి పెట్రోల్ నాబ్ ఆఫ్ చేయండి. కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోల్‌తో కొంత దూరం పోయి బండి ఆగిపోతుంది. నాబ్ సంగతి తెలిసిన దొంగ తిప్పుకుంటాడు కానీ, కంగారులో ఉన్నవాడు వదిలేసి పోయే అవకాశం ఉంది.

జీపీఎస్ పెట్టించాలనుకుంటే సొంత బ్యాటరీ ఉన్నదే తీసుకోండి. పాత బండి బ్యాటరీ డౌన్ అయితే మామూలు ట్రాకర్ కూడా ఆగిపోతుంది. సిమ్ రీఛార్జ్ మర్చిపోయినా అంతే.

చలాన్లు చూశారా?

బండి దొంగ దగ్గర ఉన్న రోజుల్లో హెల్మెట్ లేదనో, ట్రిపుల్ రైడింగ్ అనో మీ నంబర్ మీద చలాన్లు పడి ఉండొచ్చు. తెలంగాణ పోలీస్ ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో నంబర్ కొట్టి చూడండి. తేదీ ఎఫ్ఐఆర్ తర్వాతిదైతే, ఆ కాపీ జత చేసి అక్కడే అభ్యంతరం పెట్టండి. బండి పోయిన రోజే కేసు పెట్టడం ఎంత ముఖ్యమో ఇక్కడ అర్థమవుతుంది. "వస్తుందిలే" అని వారం ఆగితే ఆ వారంలో బండితో ఏం జరిగినా ముందు అడిగేది మిమ్మల్నే.

బండి పోనివాళ్లు కూడా ఈరోజే ఒక పని చేయండి. చాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్, ఆర్సీ, బండికి ఉన్న గీతలు, సొట్టలు అన్నీ ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో మరొకరి ఫోన్‌కు కూడా పంపించండి. ఎప్పుడైనా పోలీసులు పది బండ్లను వరసగా నిలబెట్టి "మీది ఏది?" అంటే, నంబర్ ప్లేట్ లేకపోయినా మీ బండిని మీరు చూపించగలగాలి.