కొండ మీది బడి: కొడైకెనాల్ స్కూలు ఎలా పుట్టింది, ఎలా పెరిగింది

హాస్టల్లో చేరిన మొదటి రాత్రి ఏడవని వాళ్ళెవరైనా ఉంటే చేతులెత్తండి. నేను మాత్రం ఎత్తను. ఆరో తరగతిలో ట్రంకుపెట్టె, కంచం, గ్లాసు అప్పజెప్పి మా నాయన సాయంత్రం బస్సెక్కి పోయాక, వరండా స్తంభం పట్టుకుని చీకటి పడేదాకా నిలబడ్డాను. గణగణ గంట కొట్టి అన్నానికి పిలిస్తేగాని కదల్లేదు.

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు మన హాస్టల్ గురించే రాద్దామనుకున్నాను. కానీ ఎం.ఏ. చరిత్ర చదువుతూ లైబ్రరీలో వెతుకుతుంటే ఇంకో హాస్టల్ కథ దొరికింది. అది మనకు ఏ సంబంధమూ లేనిదిలాగా కనిపిస్తుంది. సంబంధం మా నాయనమ్మ దగ్గర బయటపడింది. అందుకే దాన్నే రాస్తున్నాను.

తమిళనాడులో పళని కొండల మీద, దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తున కొడైకెనాల్ ఉంది. సినిమా పాటల్లో చూసే ఉంటారు. ఆ ఊరు పుట్టింది షికారు కోసం కాదు, చావు భయంతో. మదురై మైదానంలో పనిచేసే అమెరికన్ మిషనరీలు జ్వరాలకు, కలరాకు భార్యల్ని, బిడ్డల్ని పోగొట్టుకున్నారు. చల్లని చోటైతే బతుకుతామని 1845లో కొండ మీద ఇళ్ళు కట్టుకున్నారు. అప్పటికి మోటారు దారి లేదు. దొరలు గుర్రాల మీద, దొరసానులు, పిల్లలు కుర్చీల్లో కూర్చుంటే కూలీలు భుజాల మీద మోసుకుంటూ పైకి ఎక్కించేవారు. పైకి మోటారు రోడ్డు పడింది 1910లలోనే. మోసినవాళ్ళ పేర్లు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేవు.

ప్రాణాలు దక్కాయి సరే, చదువు సంగతి? పిల్లలకు ఏడెనిమిదేళ్ళు రాగానే ఓడెక్కించి అమెరికా పంపేవాళ్ళు. బంధువుల ఇళ్ళలో, మిషన్ వసతి గృహాల్లో పెరిగేవాళ్ళు. తల్లిదండ్రుల్ని మళ్ళీ చూసేది ఎన్నో ఏళ్ళకు. ఉత్తరం పోయి రావడానికే నెలలు పట్టే కాలం అది. ఆ బాధ తీర్చుకోవడానికి 1901లో కొడైకెనాల్‌లో, అంతకు ముందు హోటలుగా ఉన్న హైక్లర్క్ అనే చోట ఒక బడి తెరిచారు. బడికీ అదే పేరు పెట్టారు. పిల్లలు 13 మంది. మన డార్మెటరీలో ఒక వరసకు కూడా చాలరు. వై.ఎం.సి.ఏ.లో పనిచేసిన షేర్‌వుడ్ ఎడ్డీ తల్లి మార్గరెట్ ఎడ్డీ మొదటి ప్రిన్సిపాల్.

పరాయి దేశంలో ఉండే వాళ్ళ పిల్లలకు బడి పెట్టడం అంటే నాలుగు గోడలు, ఒక నల్లబల్ల కాదు. వాళ్ళ చిక్కులు వేరు. మిషనరీలు కొన్నేళ్ళు ఇక్కడ పనిచేసి, ఒక ఏడాది సెలవు మీద స్వదేశం వెళ్ళి వచ్చేవారు. అంటే ఐదో తరగతి ఇక్కడ చదివిన పిల్లవాడు ఆరు అమెరికాలో చదివి, ఏడుకు మళ్ళీ ఇక్కడికి రావాలి. అందుకని సిలబస్ అమెరికాదే పెట్టారు. తెలుగు మీడియం నుంచి ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియానికి దూకి కాళ్ళు విరగ్గొట్టుకున్న మనకు ఆ జాగ్రత్త విలువ బాగా తెలుస్తుంది. ఇక సెలవులు. మనకు ఎండాకాలం సెలవులు. వాళ్ళకు పెద్ద సెలవులు చలికాలంలో. ఎందుకంటే ఎండాకాలంలో తల్లిదండ్రులే కొండెక్కి పిల్లల దగ్గరికి వచ్చేవారు. చలికాలంలో మైదానం చల్లగా ఉంటుంది కాబట్టి పిల్లలు కిందికి దిగి ఇంటికి పోయేవారు. చిన్న ఏర్పాటే, కానీ దాని వల్ల ఏడాదిలో రెండుసార్లు అమ్మానాన్నల దగ్గర ఉండేవాళ్ళు. ఆ లెక్క వేసిన వాళ్ళెవరో పిల్లల మనసు తెలిసినవాళ్ళు.

మదురై వాళ్ళ పిల్లలే కాదు, దక్షిణాదిలో పనిచేసే రకరకాల మిషన్ల వాళ్ళ పిల్లలు అక్కడ చేరారు. అందులో మన తెలుగు జిల్లాల వాళ్ళూ ఉన్నారు. గుంటూరులో హయ్యర్ దొర 1842లో మొదలుపెట్టిన లూథరన్ మిషన్ వాళ్ళు, నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు. ఒంగోలు క్లౌ దొర పేరు మన పేటల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాదిగ కుటుంబాలకు కూలి పని చూపించినవాడు ఆయన. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత ఊరి బడి గడప తొక్కనివ్వని పిల్లలకు మిషన్ బోర్డింగ్ బళ్ళు దొరికాయి. మన సంక్షేమ హాస్టళ్ళకు అవి పెద్దక్కల్లాంటివి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన పిల్లలకు దొరలు పెట్టిన బడి తెలుగు బడి. చాలామందికి నాలుగైదు తరగతుల చదువు, చేతిపని, బైబిలు. వాళ్ళ సొంత పిల్లలకు పెట్టిన బడి కాలేజీ దాకా దారి వేసింది. రెండూ ఒకే మిషన్ ఇళ్ళ నుంచి నడిచినవే. వాళ్ళను తిట్టడానికి రాయడం లేదు. ఆ బళ్ళు లేకపోతే మా నాయనమ్మకు సంతకం కూడా వచ్చేది కాదు. అయినా ఆ తేడా కళ్ళ ముందు ఉన్నప్పుడు కనిపించనట్టు రాయడం నాకు చేతకాలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక పరిస్థితి మారింది. 1950ల నుంచి కొత్త మిషనరీలకు వీసాలు దొరకడం కష్టమైంది. సంఘాలు, ఆస్పత్రులు, కాలేజీలు మన వాళ్ళ చేతికి వచ్చాయి. దొరల కుటుంబాలు ఒక్కొక్కటే ఓడెక్కాయి. పిల్లలే లేకపోతే బడి దేనికి? మూసేయాలి, లేదా మారాలి. 1970లలో ఆ స్కూలు మారడానికే సిద్ధపడింది. కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూలు అయింది. భారతీయ విద్యార్థుల్ని, ఇతర దేశాల వాళ్ళను ఎక్కువగా చేర్చుకుంది. మరి ఎవరి సిలబస్ చెప్పాలి? అమెరికాదా, మనదా? సమాధానం స్విట్జర్లాండ్‌లో దొరికింది. జెనీవాలో నానాజాతి సమితి ఉద్యోగుల పిల్లల కోసం 1924లో పుట్టిన ఇంటర్నేషనల్ స్కూల్‌కూ ఇదే తలనొప్పి. ఏ ఒక్క దేశానికీ చెందని పరీక్ష ఒకటి ఉంటే ఏ దేశం కాలేజీలోనైనా చేరవచ్చని అక్కడి టీచర్లు పట్టుబట్టారు. అలా 1968లో ఇంటర్నేషనల్ బాకలారియట్ సంస్థ ఏర్పడింది. దాన్నే ఐ.బి. అంటారు. 1976లో మన దేశంలో మొదటగా ఆ చదువు తెచ్చింది కొడైకెనాల్ స్కూలే. ఇప్పుడు హైదరాబాదులో ఐ.బి. బోర్డులు చాలా కనిపిస్తాయి. 13 మంది పిల్లల బడి ఆ దారికి మొదటి మెట్టని ఆ బోర్డులు చూసేవాళ్ళలో ఎందరికి తెలుసో. ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. అది చదివి నేను మన మెస్ చార్జీలు గుర్తుచేసుకుని నవ్వుకున్నాను.

అదే కాలంలో మన దగ్గర ఇంకోటి జరిగింది. 1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల తెరిచారు. కొండ మీది బడి కొత్త పిల్లల కోసం తలుపులు తెరుస్తున్న రోజుల్లోనే, మైదానంలో పల్లె పిల్లలకు ప్రభుత్వమే బోర్డింగ్ బడి మొదలుపెట్టింది.

ఇదంతా సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు మా నాయనమ్మకు చెప్పాను. ఆమె చిన్నప్పుడు ఒంగోలు పక్కన మిషన్ బోర్డింగ్‌లో ఐదో తరగతి దాకా చదివింది. కొడైకెనాల్ అన్న పేరు తెలియదుగాని, "దొరసాని బిడ్డలు కొండ మీద చదివేవాళ్ళు గదా, క్రిస్మస్‌కి వచ్చేవాళ్ళు" అంది. చిన్నపిల్ల ఒకతి ఆయా దగ్గర నేర్చుకున్న తెలుగు గలగలా మాట్లాడేదట. జనవరిలో తిరిగి పోవాల్సిన రోజున కనబడకుండా పోయింది. అందరూ బావి దగ్గరా చింతచెట్ల కిందా వెతికారు. ఆ పిల్ల బోర్డింగ్ వంటింట్లో బియ్యం బస్తాల వెనక దాక్కుని ఉంది. దాచింది మా నాయనమ్మే.

"నన్నూ తీసుకుపో ఆ కొండకి, నేనూ చదువుకుంటా అని అడిగా అబ్బయ్యా" అంది నాయనమ్మ.

"ఏమంది?"

"నా బదులు నువ్వు పో, నేనిక్కడ మా అమ్మ దగ్గరుంటా అంది. ఈలోపు దొరసాని రానే వచ్చింది. ఇద్దరికీ చెరో బిళ్ళ పెట్టి, దాన్ని చంకనేసుకుని రైలుకి పోయింది."