అరిచే కుక్కకు అర్థమయ్యేలా చెప్పగలరా? అయితే ఈ పని మీకే!

డిగ్రీ చేతికొచ్చింది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఈలోగా చేతిలో ఓ పని ఉంటే బాగుండు అనుకుంటున్నారా? జంతువులంటే ఇష్టం, కాస్త ఓపిక ఉంటే కుక్కల శిక్షణ వైపు ఓసారి చూడండి.

కర్నూలు, కడప లాంటి ఊళ్లలోనూ ఇప్పుడు లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు పెంచుతున్నారు. ముద్దుగా తెచ్చుకున్న కూన పెద్దదయ్యాక బండి కనబడితే ఎగబడుతుంది. ఇంకో కుక్క ఎదురైతే పట్టీ తెంపుకొనేంత పని చేస్తుంది. ‘బయటికి తీస్కపోవాలంటేనే భయమైతాంది సార్’ అనే యజమాని చివరికి దాన్ని రోజంతా గొలుసుకు కట్టేస్తాడు, లేదంటే ఊరవతల వదిలేస్తాడు. ఇలాంటి కుక్కనే ‘రియాక్టివ్ డాగ్’ అంటారు. దాన్ని దారికి తేగలిగిన మనిషి దొరికితే ఆ ఇంటికీ, ఆ కుక్కకూ మేలే.

పొగరు కాదు.. భయం!

చాలాసార్లు ఆ అరుపు వెనక ఉండేది భయం, లేదా కోరుకున్న దగ్గరికి వెళ్లలేకపోతున్నానన్న చిరాకు. బండి వచ్చింది, కుక్క మొరిగింది, బండి వెళ్లిపోయింది. ‘నేను అరిస్తేనే పోయింది’ అని దాని లెక్క. అప్పుడు మీరు కొట్టారనుకోండి, ‘బండి వస్తే దెబ్బ పడుతుంది’ అని ఇంకో లెక్క చేరుతుంది. గుర్రుమన్నందుకు కొడితే గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం పోదు. రేపు హెచ్చరిక లేకుండానే కరవొచ్చు. అందుకే అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ 2021లో అన్ని రకాల కుక్కలకూ బహుమతితో కూడిన శిక్షణనే సిఫారసు చేసింది. ప్రవర్తన సమస్యలున్న కుక్కలకూ అదే మాట. పావ్లోవ్, స్కిన్నర్ సిద్ధాంతాలు సైకాలజీలో చదివే ఉంటారు. ఇక్కడ అవే పనికొస్తాయి.

ఐదు మెట్లు

1. ముందు పశువైద్యుడికి చూపించాలి. చెవిపోటు, కీళ్లనొప్పి ఉన్నా కుక్క చిరాకు పడుతుంది.

2. ఒకటే మాట. ఇంట్లో ఒకరు ‘సిట్’, ఇంకొకరు ‘కూర్చో’, అవ్వ ‘కుచ్చోవే’ అంటే కుక్కకేం అర్థమవుతుంది? ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. ‘శభాష్’ అనగానే ఉప్పు, కారం లేని ఉడికించిన చికెన్ ముక్క పెట్టాలి. ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు రోజూ కొన్నిసార్లు ఇలా చేస్తే ఆ మాటకు విలువొస్తుంది.

3. దూరం చూసుకోవాలి. బండిని చూసి కూడా మొరగకుండా, పెట్టింది తినగలిగే దూరం ఎంతో కనిపెట్టాలి. ఒక్కో కుక్కకు ఒక్కో దూరం. మెయిన్ రోడ్డు మీద కాదు, ఖాళీ గ్రౌండ్ అంచున మొదలుపెట్టండి.

4. బండి కనబడగానే ‘శభాష్’, వెంటనే ముక్క. బండి దాటిపోగానే ముక్కలు బంద్. కొన్నాళ్లకు బండిని చూసి కుక్కే మీవైపు తిరుగుతుంది. శిక్షణ పట్టుబడుతోందనడానికి అదే గుర్తు.

5. అప్పుడే దూరం కొద్దికొద్దిగా తగ్గించాలి. మళ్లీ మొరిగిందా? తిట్టొద్దు, వెనక్కి జరగండి. తొందరపడ్డామని అర్థం.

కరిచే అలవాటుంటే చిక్కం తప్పనిసరి. నూర్పిళ్లప్పుడు ఎద్దుల మూతికి కట్టేదాని లాంటిదే. కాకపోతే నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలుండే బుట్ట రకం తీసుకోవాలి. దాన్ని కూడా ముక్కలు పెడుతూ మెల్లగా అలవాటు చేయాలి.

మన దగ్గర వేసవి 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి తెల్లవారుజామున, లేదా నేల చల్లారాక రాత్రిపూటే శిక్షణ పెట్టుకోండి. అరచేతి వెనక భాగాన్ని రోడ్డుకు కాసేపు ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే దాని పాదాలకూ అంతే. వీధికుక్కలు తక్కువ తిరిగే దారి ముందే చూసుకోండి.

ఎటు వెళ్లొచ్చు?

పోలీసు శాఖ: ఇంటర్‌తో కానిస్టేబుల్‌గా చేరినవారిలోంచి డాగ్ స్క్వాడ్ హ్యాండ్లర్లను తీసుకుంటారు. హ్యాండ్లర్, కుక్క కలిసే శిక్షణ పొందుతారు. మొయినాబాద్‌లోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీ, గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లోని బీఎస్‌ఎఫ్ జాతీయ కేంద్రం ఇందుకు పేరున్నవి. బాంబు వాసన పట్టిన జాగిలానికి కూడా అక్కడ దక్కేది బంతాటో, తినుబండారమో.

చదువు: ప్రొద్దుటూరులో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఉంది. బీవీఎస్సీకి ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా కూడా ఉంది.

సొంతంగా: శిక్షణ, రోజువారీ వాకింగ్, యజమాని ఊరెళ్తే చూసుకోవడం. చిన్న ఊళ్లో ఒక్క శిక్షణతోనే నెల గడవడం కష్టం, ఈ మూడూ కలిపి చూసుకోవాలి. వేలకు వేలు కట్టి ఏదో సర్టిఫికెట్ కొనేముందు, ఆ కోర్సులో నిజంగా కుక్కలతో ఎన్ని గంటలు పనిచేయిస్తారో అడగండి.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

ముందుగానే రేబిస్ టీకాల గురించి డాక్టర్‌తో మాట్లాడండి. కుక్క కరిస్తే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కుక్కను కొట్టి హింసించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ‘పది రోజుల్లో మార్చేస్తా’ అని ఎవరికీ మాటివ్వకండి. కొన్ని కుక్కలకు నెలలు పడుతుంది.

పని మొదలుపెట్టిన రోజు నుంచే నోట్‌బుక్ రాయండి. మొదటి రోజు ఎంత దూరంలో మొరిగింది, నెల తర్వాత ఎంత దగ్గరికి వచ్చినా ఊరుకుంది అన్నది తేదీలతో సహా ఉండాలి. యజమాని అనుమతితో వీడియోలూ తీసుకోండి. రేపు ఎవరైనా ‘నీకేం వచ్చు?’ అని అడిగితే సర్టిఫికెట్ కన్నా ముందు ఆ నోట్‌బుక్ చూపించండి.