ఈ ఫోను ఎవరిది?

"అక్కా, ఏం చదవాలో నాకే తెలీడం లేదు..."

మా బాబాయి కూతురు ఆ మాట అన్నప్పుడు నేను గుడివాడలో మా ఇంట్లో గోంగూర బాగు చేసుకుంటున్నాను. బందరులో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పే లెక్చరరు, పైగా పీహెచ్‌డీ చేస్తోంది. అలాంటి మనిషి ఏం చదవాలో తెలీదంటే ముందు నవ్వొచ్చింది. సంగతంతా విన్నాక ఆ నవ్వు కాస్తా పోయింది.

దాని పరిశోధన దివిసీమ ఆడవాళ్ల మీద. తుఫాను హెచ్చరిక వాళ్ల దాకా ఎలా చేరుతోంది అన్నది ప్రశ్న. 1977 నవంబరు 19న ఉప్పెన దాదాపు పదివేల మందిని మింగేసిన చోట అది ఉత్త కాగితాల మీది ప్రశ్న కాదు కదా!

కాలేజీ, ఇద్దరు పిల్లలు, అత్తగారి మోకాళ్ల నొప్పులు. వారం వారం నాగాయలంక, కోడూరు తిరగడం ఎక్కడ కుదురుతుంది? అందుకని ప్రశ్నలన్నీ గూగుల్ ఫారంలో పెట్టి, తెలిసిన డ్వాక్రా మహిళల వాట్సాప్ గ్రూపుల్లోకి పంపింది. జవాబులు చకచకా వచ్చి పడ్డాయి. హెచ్చరిక దేని ద్వారా తెలుస్తుందంటే దాదాపు అందరిదీ ఒకటే మాట, సెల్‌ఫోను. మా చెల్లి సంబరపడిపోయింది.

ఓ ఆదివారం ఆ ఊళ్లలో ఒకదానికి వెళ్లి, ఫారం పంపిన ఒకావిడను పలకరించిందిట. "నేనేం నింపాను తల్లీ, మా అబ్బాయి నింపాడు. ఫోను మా ఆయనది. వేటకెళ్తే దాన్నీ పట్టుకెళ్తాడు" అందావిడ. మరి గాలివాన కబురో? "పక్కింటోళ్లు చెబితే తెలుస్తది."

అంటే వచ్చిన జవాబులు అబద్ధాలేం కావు. కాకపోతే చెప్పింది ఆడవాళ్లు కారు! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, అప్పటికి మన రాష్ట్రంలో తాము వాడుకునేందుకు సెల్లు ఉన్న ఆడవాళ్లు నూటికి 49 మంది. ఇంటర్నెట్ ఒక్కసారైనా వాడినవాళ్లు 21 మందే. మగవాళ్లయితే 49. ఈ అంకెలు మా చెల్లికి ముందే తెలుసు. తెలిసీ ఫారం పంపింది. మనందరం చేసే పనే అది.

అప్పుడు పట్టుకుంది భయం. తోటి లెక్చరర్లను అడుగుదామంటే, "ఇది కూడా తెలీకుండానే పీహెచ్‌డీలో చేరావా?" అంటారేమోనని నామోషీ. నెల్లాళ్లు అలాగే నానబెట్టి, చివరికి "ఫోన్లోనూ ఇంటర్నెట్‌లోనూ పరిశోధన చేసే పద్ధతుల మీద ఏవైనా మంచి పుస్తకాలుంటే చెప్పండి" అని ఎమ్మేలో తనతో చదివిన వాళ్లందరికీ రాసింది. ఒక్కరూ వెక్కిరించలేదు. "నాక్కూడా కావాలి, దొరికితే పంపు" అన్నవాళ్లే ఎక్కువ!

ఇలా అడగడం కొత్తేమీ కాదుట. 2020 మార్చిలో కరోనాతో దేశాలన్నీ తలుపులు మూసుకున్నప్పుడు ఊళ్లు తిరిగి పరిశోధన చేసేవాళ్లందరూ ఇళ్లల్లో చిక్కుకుపోయారు. ఆస్ట్రేలియాలో డెబొరా లప్టన్ అనే ఆచార్యురాలు ఇంటర్నెట్‌లో ఒక కాగితం లాంటిది తెరిచిపెట్టి, మనుషుల్ని ఎదురుగా కలవకుండా పరిశోధన ఎలా చేయాలో తెలిసినవాళ్లు తెలిసింది రాయండని అడిగింది. ఎక్కడెక్కడివాళ్లో తలా కాస్తా చేర్చారు. అచ్చం మన ఇరుగుపొరుగు ఆవకాయ కొలతలు అడిగి రాసుకున్నట్టే.

మా చెల్లికి చేరిన పుస్తకాల్లో క్రిస్టీన్ హైన్ రాసినవి ఉన్నాయి. ఇంటర్నెట్ వేరే లోకం కాదు, రోజువారీ బతుకులో కలిసిపోయిన సంగతే అంటుందావిడ. ఫోను చూస్తే చాలదు, అది ఉన్న ఇల్లు కూడా చూడాలన్నమాట. మన పక్కనే చెన్నై దగ్గరి ఊళ్లలో ఉండి శ్రీరామ్ వెంకట్రామన్ రాసిన పుస్తకం 2017లో వచ్చింది. ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఆయన ఆ ప్రాంతం అసలు పేరు రాయలేదు, 'పంచగ్రామి' అని మారుపేరు పెట్టాడు. నమ్మి మాట్లాడినవాళ్లను కాపాడటానికి.

ఇక్కడే నా గుండెలో రాయి పడింది. ఇంటర్నెట్ పరిశోధకుల సంఘం ఒకటుంది. 2002 నుంచి ఇప్పటికి మూడుసార్లు నైతిక సూచనలు వెలువరించింది. నలుగురికీ కనబడేలా రాసినంత మాత్రాన ఎవరి మాటైనా సరే అడక్కుండా ఎత్తుకోవచ్చని అనుకోవద్దన్నది వాటి సారం. నేను ఎత్తుకున్నాను! మా గ్రూపులో అవనిగడ్డవైపు స్నేహితురాలు ఒక రాత్రి గోడు వెళ్లబోసుకుంటే, పేరు మార్చి కథ రాసేశాను. అచ్చయింది కూడా. పేరు మారిస్తే సరిపోతుందనుకున్నాను. వాళ్ల ఆడపడుచు చదివి ఇట్టే పోల్చేసింది. ఆ తర్వాత ఆవిడ గ్రూపులోంచి వెళ్లిపోయింది. నా ఫోను కూడా ఎత్తలేదు.

ఇప్పుడు మా చెల్లి పద్ధతి మార్చింది. ఆవిడకు వీలైన వేళ ఆవిడే చెబుతుంది, అప్పుడే ఫోను చేస్తుంది. మొదటి ప్రశ్న "ఈ ఫోను ఎవరిదమ్మా?" రెండోది "పక్కన ఎవరన్నా ఉన్నారా?" ఉన్నారంటే పిల్లల చదువుల గురించి నాలుగు మాటలు మాట్లాడి పెట్టేస్తుంది. అసలు ఫోనే లేనివాళ్ల కోసం నెలకో ఆదివారం బస్సెక్కుతోంది. పని రెట్టింపయింది, పీహెచ్‌డీ ఇంకో ఏడాది వెనక్కి వెళ్లింది. అత్తగారు ఆ సంగతి రోజూ గుర్తు చేస్తూనే ఉన్నారు.

వచ్చే ఆదివారం తోడు రమ్మంది. వస్తానన్నాను. దార్లో అవనిగడ్డలో దిగాలి. ఆవిడ లోపలికి రమ్మంటుందో, గుమ్మంలోంచే పంపేస్తుందో.