అచ్చాఫీసుకు కెమెరా పట్టుకెళ్తే...

సంక్రాంతి సెలవులకు మనవరాలు మెడలో కొత్త కెమెరా వేసుకుని దిగింది. మొదటిరోజు విజయనగరం గంటస్తంభం, రెండోరోజు రామతీర్థం కొండ, మూడోరోజు శ్రీకూర్మంలో తాబేళ్లు అయిపోయాయి. నాలుగోనాడు వాకిట్లో చతికిలబడి, "తాతా, తియ్యడానికి ఇంకేటీ లేదు" అంది.

"నీ కెమెరాకు అమ్మమ్మ వరసయ్యే యంత్రం ఒకటుంది, రాయే గుంటా" అని బజారు వెనక సందులో ఓ పాత అచ్చాఫీసుకు తీసుకుపోయాను.

ముందుగదిలో కంప్యూటర్లు. వెనకగదిలో మాత్రం కాలితో తొక్కే ట్రెడిల్ మిషను ఇంకా బతికే ఉంది. బిల్లు పుస్తకాలకు నంబర్లు కొట్టడానికి, చింపుకోడానికి వీలుగా చిల్లుల గీత వెయ్యడానికి దాన్ని అట్టేపెట్టుకున్నారు. గోడవారన చెక్క కేసుల్లో సీసపు అక్షరాలు దుమ్ము పట్టి ఉన్నాయి. యజమానిని అడిగి, ఆయన సరేనన్నాకే కెమెరా మూత తీయించాను. అది మొదటి పాఠం.

పిల్ల ఓ అక్షరాల వరసను ఫొటో తీసి, తెరమీద పెద్దది చేసి చూసి, "ఇదేం తెలుగు తాతా?" అంది. కెమెరాను తలకిందులు చేసి చూసింది. అయినా చదవలేకపోయింది.

ఇక్కడో చిన్న శాస్త్రం ఉంది. పగలు గది తలుపులన్నీ వేసి, ఒక్క కిటికీ తెరిచి, ఎదుటి గోడకు దగ్గరగా భూతద్దం పట్టుకోండి. బయటి కొబ్బరిచెట్టు గోడమీద తలకిందులుగా పడుతుంది. కెమెరాలోనూ మన కంట్లోనూ జరిగేది అదే. కెమెరా ఆ బొమ్మను మనకు చూపేలోపే తిన్నగా చేసేస్తుంది. అచ్చు అక్షరం అలాంటిది కాదు. అది అద్దంలో బొమ్మ. ఎటు తిప్పినా తిన్నగా కాదు, ఇంకో అద్దంలో పడితేనే తిన్ననవుతుంది. ఇక్కడ ఆ రెండో అద్దం కాగితమే. అక్షరాలు కూర్చే కంపోజిటర్లు, చేతిలో పట్టుకునే స్టిక్కు అనే చిన్న పట్టీలో వాటిని తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ, మనం పేపరు చదివినంత ధారాళంగా చదివేవారు. పిల్ల ఫొటోను ఫోనులోకి ఎక్కించి కుడిఎడమలు మార్చింది. "శుభలేఖ" అని కనబడగానే ఎగిరి గంతేసింది.

కెమెరాకూ అచ్చుకూ చుట్టరికం ఉత్తమాటకు అన్నది కాదు. ఫ్రాన్సులో నియెప్స్ అనే ఆయన మొదట అచ్చుబొమ్మలకు నకళ్లు తియ్యాలనే తాపత్రయంతోనే వెలుగుతో ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఒకరకం తారు ఎండ తగిలిన చోట గట్టిపడుతుంది, తగలని చోటు నూనెతో కడిగితే పోతుంది. ఆ తారు పూసిన రేకుమీద పాత బొమ్మను పరిచి ఎండలో పెట్టాడు. అలా చేసిన రేకుతో 1825లో గుర్రాన్ని నడిపించుకెళ్లే మనిషి బొమ్మను అచ్చు తీశారు. ఆ తర్వాత ఏడాది రెండేళ్లలోనే అదే తారు రేకును కెమెరాలో పెట్టి, తన ఇంటి కిటికీలోంచి కనబడే కప్పుల్ని పట్టాడు. ఈనాటికీ మిగిలి ఉన్న కెమెరా ఫొటోల్లో అదే మొదటిది. మీ ఫోనులోని చిప్పుమీద గీతలు గీసే పద్ధతికీ మూలం ఇదే: పైన మైనంలాంటి పూత, దానిమీద వెలుగు, ఆపైన కడగడం.

ఇక ఫొటోల సంగతి. పిల్ల మిషనును తీసింది. నల్లటి ఇనుము బూడిద పూసినట్టు వచ్చింది. పక్కనే తెల్లకాగితాల దొంతర తీసింది. అదీ బూడిద రంగే! కెమెరా చెడిపోలేదు. దానికి నలుపేదో తెలుపేదో తెలియదు. ఎదుట ఏదున్నా నడిమి రకపు బూడిద రంగేననుకుని వెలుతురు లెక్క కడుతుంది. కాబట్టి నల్ల మిషనుకు వెలుతురు ఒక మెట్టు తగ్గించాలి, తెల్ల కాగితానికి ఒక మెట్టు పెంచాలి. అచ్చాఫీసంతా సిరా నలుపు, కాగితం తెలుపే గనక ఈ పాఠం నేర్చుకోడానికి అంతకు మించిన బడి లేదు.

ఫొటోలో అడ్డంగా చారలు పడ్డాయని ఇంకో ఫిర్యాదు. అది పైనున్న పాత ట్యూబులైటు పని. మన కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అలా ఊగినప్పుడల్లా దీపం రెండుసార్లు మందగిస్తుంది. అంటే సెకనుకు 100 మిణుకులు. మన కళ్లకు ఆనవు గాని, గబుక్కున మూసుకునే కెమెరా కంటికి దొరికిపోతాయి. షట్టరు వేగాన్ని సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెడితే చారలు పోతాయి. అంతకంటే సులువు, దీపం ఆర్పేసి కిటికీ తెరవడం.

అక్షరాలకు వెలుగు నెత్తిమీద నుంచి పడకూడదు, పక్కనుంచి రావాలి. సాయంత్రం ఎండ వాలితే దుక్కి చాళ్లు ఎలా తేలతాయో చూశారు కదా? సీసపు అక్షరాలూ అంతే. కాగితాన్ని పక్క వెలుగులో పెడితే అక్షరం నొక్కిన పల్లం కూడా కనబడుతుంది. ఆఫ్‌సెట్ అచ్చులో ఆ పల్లం ఉండదు. సీసం మరీ తళుక్కుమంటే ఎదురుగా ఓ తెల్లకాగితం నిలబెట్టండి, ఆ తళుకు మెత్తబడుతుంది.

మిషను ఆడుతున్నప్పుడు తియ్యడం అసలు సరదా. చెయ్యి తిరిగిన మనిషి గంటకు వెయ్యి కాగితాల దాకా కొట్టేవాడు. అంటే మూడున్నర సెకన్లకో కాగితం. సెకనులో 500వ వంతు పెడితే చక్రం బిగుసుకుపోయి, మిషను ఆగిపోయినట్టుంటుంది. 15వ వంతు పెట్టి మోచేతులు బల్లమీద ఆనిస్తే, మనిషి ముఖం నిలకడగా, చేతులూ చక్రమూ పొగలా వస్తాయి. ఇంకో కిటుకు. ఉయ్యాల చివరికంటా వెళ్లి తిరిగొచ్చే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. కాగితాన్ని అక్షరాలకు అదిమే పలక కూడా అంతే. ఆ క్షణం చూసి నొక్కండి. ఫోనుతో తీస్తే జోరుగా తిరిగే చక్రం ఆకులు వంకరపోతాయి. ఫోను బొమ్మను ఒక్కసారిగా కాకుండా వరసవరసగా చదువుకుంటుంది. కింది వరస చదివేలోపు చక్రం కాస్త ముందుకు జరిగిపోతుంది, అదీ సంగతి.

పిల్ల అక్షరాల్ని నోటిదాకా తెచ్చి ఊదబోయింది. ఆపాను. ఈ అక్షరాల లోహంలో సీసం, యాంటిమొని, తగరం కలిసుంటాయి. యాంటిమొని గట్టిదనానికి, తగరం అచ్చులోకి చక్కగా పారడానికి. అందులో సీసం ఒంటికి మంచిది కాదు, చేతులు కడుక్కోందే జంతికల జోలికి పోకూడదు. కెమెరా తాడు కూడా చక్రానికి దూరంగా ఉండాలి.

గుణింతాలు, వత్తులు కలిపితే తెలుగుకు ఇంగ్లీషు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ అచ్చక్షరాలు కావాలి. అయినా మా ప్రాంతం వాళ్లకు అచ్చుతో పని పడుతూనే ఉండేది. 1897లో 'కన్యాశుల్కం' అచ్చులో చూసుకున్న గురజాడవారిది ఈ విజయనగరమే. ఆనందగజపతి మహారాజు డబ్బిస్తే మాక్స్‌ముల్లర్ ఋగ్వేదం రెండో కూర్పు 1890-92లో ఇంగ్లండులో అచ్చయింది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు సవర భాషకు రాసిన వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. దాని పేరులోనే, దీర్ఘం పలకాల్సిన చోటల్లా అక్షరం పక్కన రెండేసి చుక్కలుంటాయి. ఆ చుక్కలన్నీ ఎవరో ఒక కంపోజిటరు వేళ్లమీదుగా వెళ్లినవే.

మర్నాడు శ్రీకాకుళంలో కథానిలయానికి వెళ్లాం. కాళీపట్నం రామారావుగారు 1997లో పెట్టిన ఆ ఇంట్లో పాత పత్రికలున్నాయి. వాటిలో ఓ ఫొటోమీద భూతద్దం పెట్టించాను. ముఖం మాయమై చుక్కలు మిగిలాయి! అచ్చు మిషనుకు సిరా పెట్టడమో మానడమో తప్ప లేతనలుపు తెలియదు. అందుకే చీకటికి లావు చుక్క, వెలుగుకు సన్న చుక్క. ఆ పేజీని ఫోనుతో తీస్తే అలల్లాంటి చారలొచ్చాయి. రెండు దోమతెరలు ఒకదానిమీద ఒకటి పడితే కనబడే అలలే అవి: ఒకటి పత్రిక చుక్కల వల, రెండోది ఫోను లోపలి వల. ఫోనును కాస్త దగ్గరికో దూరానికో జరిపితే పోయాయి.

పిల్లలూ, ఆ సీసపు అక్షరాలు ఇప్పుడు కిలోల లెక్కన పాత సామాను కొట్టుకు పోతున్నాయి. మీ ఊళ్లో ట్రెడిల్ మిగిలుంటే ఈ సెలవుల్లోనే వెళ్లండి. మిషనును ఒక్కటి తియ్యండి, దాన్ని తొక్కే మనిషిని నాలుగు తియ్యండి. అందులో మంచిదొకటి కాగితంమీద వేయించి ఆయన చేతిలో పెట్టండి. వెనక పెన్సిలుతో ఊరు, పని, తేదీ రాయడం మరిచిపోకండి.