అధివృక్క గ్రంథి లోపము – క్యాన్సర్ చికిత్స

మూత్రపిండములపై టోపీలవలె అమరియున్న చిన్న గ్రంథులను అధివృక్క గ్రంథులందురు. జ్వరము, గాయము, శస్త్రచికిత్స వంటి వేళలందు దేహమును నిలబెట్టు కార్టిసాల్ అను హార్మోను ఇచటనే పుట్టును.

కొందరు శిశువులు దీని తయారీకి వలసిన 21-హైడ్రాక్సిలేజ్ అను ఎంజైము లోపముతో జన్మింతురు. తల్లిదండ్రులిరువురును లోపజన్యువును మోయుచున్నచో ప్రతి బిడ్డకును ఈ వ్యాధి కలుగు అవకాశము 25 శాతము. రక్తసంబంధుల వివాహములలో ఇట్టి దంపతులు తటస్థించుట హెచ్చు. 1950లో అమెరికా వైద్యుడు లాసన్ విల్కిన్స్ కార్టిసోనుతో దీనికి చికిత్స చేయవచ్చునని చూపెను.

ఇట్టి వ్యాధి గల యువకునికి క్యాన్సర్ కూడ వచ్చినచో సమస్య జటిలమగును. ఆరోగ్యవంతుని గ్రంథి జ్వరమువేళ తానే అధికముగా స్రవించును. ఇతని గ్రంథికి ఆ శక్తి లేదు. కీమోథెరపీ వలన వాంతులైనచో నిత్యము మ్రింగు హైడ్రోకార్టిసోన్ మాత్రయు కడుపులో నిలువదు. అపుడు రక్తపుపోటు పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును.

కావున జ్వరము వచ్చినపుడు వైద్యుని సూచన ననుసరించి మోతాదును రెండు మూడు రెట్లు పెంచవలెను. వాంతులున్నచో ఆలసింపక సూదిమందు ఈయవలెను. క్యాన్సర్ వైద్యుడును, హార్మోను వైద్యుడును చికిత్సకు ముందే సంప్రదించుకొనవలెను. తన లోపమును తెలుపు చీటిని రోగి సదా వెంట నుంచుకొనవలెను. స్పృహ తప్పిన వేళ అతని పక్షమున మాటలాడునది ఆ చీటియే.