ఎఱిగి వ్రాసిన పద్దు

అమెరికాలో అంతర్యుద్ధము సాగుచున్న దినములలో సైన్యమునకు సరకులు సమకూర్చు గుత్తేదారులు పనికిమాలిన వస్తువుల నంటగట్టి ప్రభుత్వధనమును కాజేయుచుండగా, వారి నరికట్టుటకై 1863లో లింకన్ హయాములో పుట్టిన ఫాల్స్ క్లెయిమ్స్ చట్టము, నేడు ముఖ్యముగా ఆసుపత్రుల పద్దులను, మందుల దుకాణముల బిల్లులను శోధించు సాధనమైనది. 1965లో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ ఏర్పడిన పిదప వైద్యమునకై ఖజానానుండి వెడలు ధనము అపారమగుటయే ఇందుకు హేతువు.

ఐనను తప్పుగా నున్న ప్రతి బిల్లునకును దండన లేదు. సంకేతాక్షరములతో, అంకెలతో క్రిక్కిరిసిన ఆ కాగితములలో గుమాస్తా చేయిజారుట సహజము. అట్టిచో అధికముగా పుచ్చుకొన్న సొమ్మును మరల చెల్లింపవలసినదే కాని, శిక్ష పడవలెనన్న ఎఱిగి చేసినట్లు ఋజువు కావలెను. ఈ ఎఱుకను 1986 నాటి సవరణ మూడు విధములుగా నిర్వచించినది: వాస్తవముగా తెలిసియుండుట, పిల్లి కన్నులు మూసికొని పాలు త్రాగినట్లు కావలెనని తెలిసికొనకుండుట, నిజానిజముల యెడ తెగించిన నిర్లక్ష్యము. మోసగింపవలెనను సంకల్పమును వేఱుగా నిరూపింప నక్కఱలేదు.

మఱి మనస్సులోని ఎఱుకను కొలుచుట యెట్లు? సూపర్‌వాల్యూ, సేఫ్‌వే సంస్థల మందుల దుకాణములపై సాగిన వ్యాజ్యములలో 2023లో అచటి సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకే సమాధానము చెప్పవలసి వచ్చినది. చేతిసొమ్మిచ్చి కొనువారిలో పెక్కుమందికి తగ్గింపు ధరకు మందులమ్ముచు, ప్రభుత్వ పథకములకు మాత్రము హెచ్చు ధరనే తమ మామూలు ధరగా చూపిరన్నది అభియోగము. మామూలు ధర యనగా నేమో నిబంధనలలో స్పష్టముగా లేదనియు, తాము చెప్పు అర్థమును బుద్ధిమంతుడెవడైనను గైకొనవచ్చుననియు, కావున నాడు తమ మనస్సున నేమున్నను ప్రసక్తి లేదనియు ప్రతివాదులు వాదించిరి. చతురమైన వాదమే! న్యాయవాది పిమ్మట వెదకి తెచ్చిన అర్థము, బిల్లు వ్రాసిననాటి బుద్ధికి కవచమగునన్నమాట. న్యాయమూర్తు లందఱును ఏకకంఠముగా దీనిని త్రోసిపుచ్చిరి. బిల్లు పంపినవాడు ఆనాడు నిజముగా నేమి నమ్మెనో అదియే గణ్యమని జస్టిస్ క్లారెన్స్ థామస్ తీర్పు వ్రాసెను.

ఎఱుక యొక్కటియే చాలదు. బిల్లులోని అసత్యము ప్రభుత్వము సొమ్ము చెల్లించు నిర్ణయమునకు ముఖ్యమైనదై యుండవలెనని ఎస్కోబార్ వ్యాజ్యమున అదే సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన తీర్పు నొక్కి చెప్పినది. ఇవన్నియు ఋజువైనచో నష్టమునకు మూడింతలు, అదిగాక ఒక్కొక్క బిల్లునకు పదివేల డాలర్లకు పైబడిన జరిమానా. బిల్లు స్వల్పమైనను జరిమానా స్వల్పము కాదు.

బిల్లు పంపిననాటి నమ్మకమునకు సాక్ష్యము సంస్థ లోపలి ఉత్తరములలో, లోపలివారి నోటనే దొరకును. అందువలననే ఉద్యోగి యెవడైనను ప్రభుత్వము పక్షమున తానే దావా వేసి, రాబట్టిన సొమ్ములో సామాన్యముగా నూటికి 15 మొదలు 30 వఱకు పొందుటకు ఈ చట్టము అనుమతించుచున్నది. ఆ ఏర్పాటే రాజ్యాంగవిరుద్ధమని 2024లో ఫ్లోరిడాలోని ఒక ఫెడరల్ జిల్లా న్యాయస్థానము తీర్పు చెప్పగా, ఆ వివాదము అప్పీలునకు వెళ్ళినది.